ఆపరేటర్ పేరు

హన్మకొండ ల్యాబుల, మూలగదిల
యంత్రమొకటి.
మిరపపండు ఎరుపును అంకెల్ల చెప్పేది.
దాన్ని చేసిన కంపెనీ మూతపడి ఆరేండ్లాయె.
పదకొండేండ్ల ఎరుపంతా
దాని కడుపుల, దాని భాషల
తాళమేసుకొని కూసున్నది.

ఫైలు తెరిస్తే
డబ్బాలు, ప్రశ్నార్థకాలు,
నడుమ ఒక్కచోట మాత్రం నర్సంపేట —
చీకట్ల ఎవరో దగ్గినట్టు.

"మౌనికా, అన్నింటినీ ప్రామాణిక రూపంలోకి మార్చెయ్యి"
అన్నడు సారు.

ప్రామాణికం.
ఆ మాటింటే నాకు
ఏడో తరగతి కాపీబుక్కు యాదికొస్తది.
'ఒచ్చిండు' మీద ఎర్రగీత,
పక్కన 'వచ్చాడు'.
మా తాత ఒచ్చిండు.
వచ్చినవాడెవడో నాకిప్పటికీ తెల్వది.

రాత్రి, పైస అడగని సాఫ్ట్‌వేరొకటి దించుకున్న.
రాసినోళ్లు నలభై మంది దాక.
ఏ ఊరోళ్లో,
లోపలి వరుసలన్నీ ఇప్పి పెట్టిండ్రు,
కుట్టు కనబడేటట్టు రవికె తిరగేసినట్టు.
ఈ బైట్లు తరంగదైర్ఘ్యం,
ఈ బైట్లు శోషణ,
ఆ తర్వాతి నాలుగూ ఏమిటో మాకూ తెలీదు,
తెలిస్తే చెప్పండి, అని రాసిండ్రు.
ఆ ఒక్క మాటకే నమ్మిన.

నమ్మినంక మొదలైనయి తిప్పలు.
దినం ఎనకకు పోయి నెల ముందటికొచ్చి
ఏప్రిల్ ఆరు కాస్త జూన్ నాలుగైంది.
"రోహిణి కార్తెల మిరప ఏరుడేందే?" అని
మా అమ్మ నవ్వితేనే తప్పు దొరికింది.
పర్వతగిరి ఓ ఏడు వరంగల్,
ఓ ఏడు వరంగల్ రూరల్,
మల్ల వరంగల్.
ఊరు మాత్రం జానెడు జరగలే.

'కరెంటు పోయింది, మల్ల పెట్టిన.'
'తాలు కలిసింది, లెక్కకు తీస్కోకుండ్రి.'
గిసోంటి మాటలు ఏ గడిల పెట్టాలె?
ఎతికితే, కొత్త రూపానికి సుత ఒక జేబున్నది —
ఎట్లున్నది అట్లనే దాసుకునే జేబు.
ఒక్క అచ్చరం దిద్దకుండ ఏసిన.

ఆఖరికి మల్ల ఎర్రగీత.
ఆపరేటర్: ఖాళీ. ఫైలు చెల్లదు.

యంత్రం పదకొండేండ్లు అడ్మిన్ అనే అన్నది.
"నా పేరు పెట్టెయ్యి" అన్నడు సారు, ఫోన్ల నుంచి తల ఎత్తకుండ.
గని పాత రిజిష్టరుల చేతిరాత సారుది కాదు.
గుండ్రంగ, పప్పుగింజల లెక్క,
ప్రతి పేజీ అంచుకు ఒక అంకె —
1204, 1211, 1219.

ఏనుమాముల యార్డుల దొరికింది.
చపాట కుప్ప ముందట, తొడిమెలు తీసుకుంట.
కాంట్రాక్టు అయిపోయినంక గిదే పనట.
"మిషిన్ మీద చెయ్యేస్తే సారు తిడుతుండె బిడ్డా,
సారు లేనప్పుడే చేసేది.
సారు ఎన్నడున్నడు?"
నవ్వింది, తుమ్మింది, నేనూ తుమ్మిన.

ఈ అంకెలేందక్కా అంటే —
"లోపలి బుగ్గ ఎన్ని గంటలు ఎలిగిందో.
ముసల్దైతే ఎరుపు తప్పు చెప్తది గద,
అందుకు రాసుకున్న."

ఉరుక్కుంట వచ్చి చూసిన.
ఎవరికీ తెల్వని ఆ నాలుగు బైట్లు
1204, 1211, 1219.

ఆ నలభై మందికి నాలుగు వరుసలు రాసి పంపిన.
చెప్పినవారి పేరు అని అడిగింది అక్కడ సుత.
యార్డుకు ఫోను చేసిన:
పేరెట్ల రాయాలె అక్కా, కనకలక్ష్మి అనేనా?
"కనకలచ్చి అని రాయి.
లక్ష్మి బ్యాంకుల ఉంటది."

రెండువేల మూడువందల ఫైళ్లు.
ఆపరేటర్: కనకలచ్చి.
ఎర్రగీత రాలే.

మూడు ఫైళ్లు ఇంక తెరుచుకుంటలేవు.
రేపు ఆమెనే అడగాలె.