చివరి మాట దాకా

ఏజెంటు చెప్పింది: పని పూర్తయింది మేడమ్.
రాత్రి పదకొండున్నర. మాదాపూర్‌లో ఆరో అంతస్తు,
ఏసీ హోరు తప్ప ఇంకో మనిషి లేడు.
మంచినీళ్ల ట్యాంకర్ బుక్ చేసే పేజీని
పొద్దున దానికి అప్పజెప్పాను.
పేరు నింపింది, గల్లీ నింపింది,
ఐదువేల లీటర్ల దగ్గర టిక్కు పెట్టింది,
నీలం బటన్ నొక్కి కబురంపింది.

మర్యాదస్తురాలే. అబద్ధమాడాలని కాదు.
నొక్కితే జరిగినట్టేనని దాని లెక్క.

దాని మాట వినకపోవడం నా ఉద్యోగం.
దాని వెనకాలే వెళ్లి
పేజీ మొహం చూసి రావాలి.
బుకింగ్ నంబరు ఉందా, పది అంకెలేనా,
తారీఖు నిన్నటిదా రేపటిదా,
చక్రం ఆగిందా ఇంకా తిరుగుతోందా.
నేనైతే చూడలేను, ఆ వేళకి కళ్లు కూడా మొహమాటపడతాయి.
చిన్న చిన్న షరతులు రాసిపెడతాను,
నా బదులు అవి కాపలా కూర్చుంటాయి.
ఉండాల్సింది ఉంటే పచ్చ,
లేకపోతే ఎరుపు.

మా నాన్న నీళ్ల మీటర్లు చదివేవాడు.
చిలకలగూడ మెట్లన్నీ ఆయన మోకాళ్లకి తెలుసు.
ఆయన జోడీ గంగాధరం
ఇరానీ హోటల్లో ఉస్మానియా ముంచుకుంటూ
వీధి వీధంతా రీడింగులు రాసేసేవాడు,
పోయిన నెలకి పన్నెండు కలిపి.
చేతిరాత ఆయనదే ముత్యాల్లా ఉండేది.
నాన్న పుస్తకం నిండా బురద వేలిముద్రలు,
ఒక పేజీలో నలిగిపోయిన చీమ.
ఇనప మూత ఎత్తబోయి ఊడిన గోరు గురించి మాత్రం
ఎక్కడా రాసుకోలేదు.

ఆ రాత్రి నూట నలభై రెండు పరీక్షలు.
అన్నీ పచ్చ.
క్యాబ్‌లో తల అద్దానికి కొట్టుకుంటున్నా
నిద్రపోయాను.

తెల్లారి బోరబండలో
బాలమణక్క బిందెలు వరసగా పెట్టి
"ట్యాంకర్ అస్తదా బిడ్డా?" అంది.
"బుక్ అయిందక్కా, మెసేజ్ వచ్చింది."
"అయిందంటవ్. ఏది మరి?"
ఫోన్ చేతికిచ్చాను.
కళ్లజోడు లేదు, మనవడి చేత చదివించింది.
రెండో క్లాసు వాడు, గీతలు పడ్డ అద్దం మీద వేలు పెట్టి,
మీ... బుకింగ్... విజయవంతం...
నేనప్పటికే బిందె ఎత్తుకున్నాను.
వాడు ఆగలేదు.
...కా...లే...దు.

ఒళ్లు జిల్లుమంది. ట్యాంకర్ కోసం కాదు.
నా షరతు గుర్తొచ్చింది, నా చేత్తో నేను రాసింది:
పేజీలో విజయవంతం అనే మాట ఉంటే చాలు, పచ్చ.
ఉంది కదా మరి. కాలేదు పక్కనే
బుద్ధిగా కూర్చుని ఉంది.
మన భాషలో లేదు, కాదు, రాదు
తోకలోనే ఉంటాయి.
వాక్యాన్ని ఇంటిదాకా దిగబెడితే గానీ
అది ఎవరి పక్షమో తెలియదు.
నేను మాత్రం సందు మొదట్లోనే
చెయ్యూపి వచ్చేశాను.

ఏజెంటుని తిట్టడానికి నాకు నోరు లేదు.
నాన్న కూతుర్ననుకున్నాను ఇన్నాళ్లూ,
హోటల్లో టీ నేనే తాగుతున్నాను.

స్నానం లేకుండానే ఆఫీసుకి పోయి
షరతు మార్చాను. వాక్యమంతా సరిపోవాలి, చుక్కతో సహా.
నంబరుని ఇంకో పేజీలో అడగాలి,
అక్కడ కూడా ఉంటేనే నమ్మాలి.
మళ్లీ నడిపాను.
ముప్పై ఎనిమిది ఎర్రబడ్డాయి.
మా లీడ్ ఫణిహారం వెనక నిలబడి
"నిన్న బానే ఉన్నాయిగా" అన్నాడు.
నిన్న కూడా ఇలాగే ఉన్నాయి సార్.

మధ్యాహ్నం మూడింటికి బాలమణక్క ఫోన్.
"అచ్చింది బిడ్డా, నీ రెండు బిందెలు నింపి పెట్టిన."
సంతోషం. అయినా నా నోరు ఊరుకోదే.
"అక్కా, ఒక్కసారి బిందె మీద కొట్టవా?"
"పిచ్చి లేసిందా?" అంటూనే
వేలి కణుపుతో కొట్టింది.

ఖంగుమనలేదు.
మెత్తగా, బరువుగా,
కడుపు నిండిన చప్పుడు.