దాతల గోడ

నా హోదా పేరు పొడుగ్గా ఉంటుంది,
పని మాత్రం పొట్టిది: అడగడం.
పదకొండేళ్లుగా అడుగుతూనే ఉన్నాను.
జోలె లేదు, తోలు సంచి ఉంది.
గుమ్మంలో నిలబడి కేకెయ్యను, ముందు ఉత్తరం రాస్తాను.
వాళ్ల కుక్క పేరు, మోకాలి ఆపరేషన్ తేదీ,
టీలో పాలు ముందు పోయాలా తర్వాతా,
అన్నీ ఒక డబ్బా నిండా కార్డుల మీద ఉన్నాయి.
ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద అంటారు.
నా చెయ్యి ఎప్పుడూ ఆ మధ్య సందులోనే.

హంబర్ నది ఒడ్డున మా మ్యూజియం
ఒకప్పుడు చేపలకు పొగబెట్టిన కొట్టు.
వాన పడితే ఇటుకలు ఇంకా హెర్రింగు వాసనేస్తాయి.
కప్పు కారుతోంది.
వలలల్లే ఆడవాళ్ల ఫోటోల కింద మూడు బక్కెట్లు.
నాలుగోది మొన్ననే కొన్నాం, రసీదు నా దగ్గరుంది.

కప్పుకి నాలుగు లక్షల పౌండ్లు.
జూలియన్ క్రాస్‌ల్యాండ్ మూడిస్తానన్నాడు,
చేప ముల్లు పళ్లెం అంచున ఆనిస్తూ.
ఒక్కటే కోరిక, హాలుకి మా తాతగారి పేరు.

తాతగారు పద్దెనిమిది పడవల ఆసామి.
ఆయన లెడ్జరు మా నేలమాళిగలో ఉంది,
తొమ్మిదో అర, బూడిదరంగు అట్టపెట్టె.
ఐస్‌లాండ్ పైన మంచు పేరుకుని
కిట్టివేక్ పడవ బోర్లాపడిన రాత్రికి ఎదురుగా
ఇరవై పేర్ల పక్కన ఒకటే ఎర్రసిరా గీత.
జీతం నేటితో సరి.
మునిగిన మనిషి పని చెయ్యడు కదా.
దస్తూరీ ఎంత ముచ్చటగా ఉందో!

ఎనిడ్ హాల్డెన్‌బీ నెలకి మూడు పౌండ్లు పంపుతుంది.
ఆమె కార్డులో: ఎనభై ఏడేళ్లు. టీ వద్దు, వేడినీళ్లే.
ఆ ఇరవైలో పదమూడో పేరు ఆమె మొగుడిది.
పడవ బయల్దేరిన రోజు ఈ రేవులో ఎవరూ బట్టలుతకరు,
మనిషి నీళ్లలో కొట్టుకుపోతాడని.
ఆ రోజు తానొక చొక్కా ఉతికిందట.
ఒకే ఒక్క చొక్కా.
మెట్ల మీద ఆయాసం తీర్చుకుంటూ, అడక్కుండానే చెప్పింది.
కార్డులో అది రాయలేదు.

వెళ్లాను. నాలుగో అంతస్తు, లిఫ్టు పాడై ఉంది.
డబ్బు గురించి చెప్పాను, పేరు గురించి చెప్పాను.
ఆమె వేళ్లు ఒళ్లో ఏదో అల్లుతూనే ఉన్నాయి,
దారం లేదు, సూది లేదు.
"కప్పు వేయించుకో పిల్లా.
కారే ఇంట్లో పరువు ఎక్కడ ఆరేసుకుంటావు?
అయినా అతనిస్తున్నది చందా కాదు, బాకీ.
పేరు పెట్టుకోనీ.
పేరు కింద ఆ పుస్తకం కూడా పెట్టు,
ఆ పేజీ తెరిచి.
మరీ ఎత్తులో పెట్టకు, నేను పొట్టిదాన్ని."

జూలియన్‌ని నేలమాళిగకి తీసుకెళ్లాను.
చేతికి తెల్ల తొడుగులిచ్చాను.
అడిగాక నోరు మూసుకోవాలి,
ఈ వృత్తిలో నేను నేర్చిన పెద్ద విద్య అదే.
అతను పేజీ చదివాడు. వేలు ఒక పేరు దగ్గర ఆగింది.
"ఈ గీత తాతయ్యే గీశాడా, గుమస్తానా?"
తెలీదన్నాను. నిజంగానే తెలీదు.
తొడుగులు విప్పి, మడిచి, పొరపాటున
జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మూడు వారాలైంది. ఫోన్ రాలేదు.
ట్రస్టీలు నా వంక చూడడం మానేశారు.
రాత్రంతా వాన.
ఒకటో తారీకున ఎనిడ్ కవరు వచ్చింది,
మూడు కాదు, ఐదు.
ధన్యవాదాల ఉత్తరం మొదలుపెట్టాను,
మొదటి వాక్యం నాలుగుసార్లు కొట్టేశాను.
లోపల నాలుగో బక్కెట్టు నిండిన చప్పుడు.
పారబోసి వచ్చి,
తడి చేత్తోనే సంతకం పెట్టాను.
సిరా కాస్త అలుక్కుంది.
అలాగే పంపాను.