తీయని పొర

బయట సున్నాకి ముప్పై ఒక్క డిగ్రీలు కింద.
పెట్టె లోపల తొంభై ఏడు.
ఈ రెంటి మధ్యా ఒక రేకు, ఒక అద్దం,
పద్నాలుగేళ్ళ తెముగె.

"సోలోంగో అక్కా, కోట తలుపు దాకా వెళ్తాను,
గడియ తీసేలోపు తెర నల్లబడిపోతుంది."
మూడు వారాలుగా ఆ తలుపు ముందే చస్తున్నాడట,
శత్రువు చేతిలో కాదు,
జ్వరంతో.

ఉలాన్‌బాతర్‌లో జనవరికి బొగ్గు వాసన.
కొండవాలు గుడారాల పొయ్యిల్లోంచి పొగ దిగి
ఏడో అంతస్తు కిటికీ సందుల్లోనూ దూరుతుంది.
మనుషుల ఊపిరితిత్తుల్లో ఎంతో
ఫ్యాను రెక్కల మీదా అంతే.
నేను దాన్నే అనుమానించాను.
పాత పళ్ళ బ్రష్షుతో దులిపాను:
మసి, ఉన్ని పోగులు, ఎప్పటిదో ఎండిన చిమ్మట,
పిడికెడు పిల్లి వెంట్రుకలు.
వాటితో ఇంకో పిల్లిని చేసుకోవచ్చు.
మళ్ళీ బిగించాం.
కోట తలుపు. తొంభై ఏడు. నలుపు.

తెముగెకి తెగింపొచ్చింది.
కిటికీ బార్లా తెరిచి పెట్టెను దాని కిందకు జరిపాడు.
ఊరి చలి అంతా ఒక్కసారి ఇంట్లోకి నడిచొచ్చింది
చెప్పులు కూడా విడవకుండా.
మంచం మీంచి దుల్మా అవ్వ తిట్లు అందుకుంది.
మంద కాసిన రోజులనాటి తిట్లు,
తోడేళ్ళ మీద వాడి వాడి పదునెక్కినవి.
నా వేళ్ళ కొసలు తెల్లబడ్డాయి.
పిల్లి దుప్పట్లోకి దూరింది.
అంకె మాత్రం కదల్లేదు.

అప్పుడు కిటికీ మూశాను.
సైబీరియా గాలి మొహాన కొడుతున్నా చల్లారలేదంటే
లోపం గాలిది కాదు.
వేడి అసలు గాలి దాకా రావడమే లేదు.
పుట్టినచోటే కుమిలిపోతోంది,
పక్కనే నలుగురు కూర్చుని విసురుతున్నా
ఏం జరిగిందో చెప్పుకోలేని మనిషిలా.

నాలుగు మరలు.
ఒకటి ఇటు సగం చుట్టు, ఎదురుది సగం చుట్టు,
తొందరపడితే చిప్పు పగులుతుంది.
రాగి దిమ్మ పైకి లేచింది.
దాని అడుగున, వేడికి కాస్త ముడుచుకున్న
పల్చటి ప్లాస్టిక్ పొర.
మీద ఎర్రటి అక్షరాలు:
బిగించే ముందు దీనిని తొలగించవలెను.

ఈ పెట్టె పేర్చింది లువ్‌సన్ మామ.
దక్షిణాన గనిలో లారీ నడుపుతాడు.
నాలుగు రోజుల సెలవు పెట్టి వచ్చి
పుట్టినరోజు తెల్లవారేలోపు అందించాలని
రాత్రంతా వీడియో ఆపుతూ, చూస్తూ, ఆపుతూ
ఇంతింత లావు వేళ్ళతో
తీగలన్నీ ఆడపిల్ల జడలా అల్లాడు.
ఒక్క మర వంకర లేదు.
ఆ పొర ఒక్కటే.

తెముగె దాన్ని దీపానికి ఎత్తి చూశాడు.
మామ వేలిముద్ర ఉంది దాని మీద.
"ఆయనకి చెప్పొద్దక్కా."
నేను చెప్పలేదు.
ఇదిగో, ఇది చెప్పడం కిందికి రాదు.

పాత పేస్టు తుడిచి
పెసరగింజంత కొత్తది పెట్టి
దిమ్మను మెల్లగా ఆనించాను.
అరవై నాలుగు.
పది నిమిషాలు. అరవై నాలుగు.
కోట తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.
"లోపల ఏముందిరా?"
"ఇంకో తలుపు" అన్నాడు, కళ్ళు తిప్పకుండా.

ఇన్నాళ్ళూ లోపలే చిక్కుకున్న వేడి
పెట్టె వెనక జాలీలోంచి బయటికొస్తోంది,
మేక ఊపిరంత వెచ్చగా.
పిల్లికి ముందు తెలిసింది.
తర్వాత అవ్వకి.
చేయి చాపి చూసి, ఏమీ అనకుండా
తడిసిన ఉన్ని చేతితొడుగులు రెండూ తెచ్చి
జాలీ మీద ఆరేసింది.

అరవై ఎనిమిది.
డెబ్భై రెండు.
తెముగె నా వైపు చూశాడు.
నేను కోటు గుండీలు పెట్టుకుంటున్నాను.