చెప్పని లోడు

వారాసిగూడలో గల్లీ మొదట్లో మీటరు,
చివర్న అండాలక్క దోసెపిండి దుకాణం.
నడుమ నలభై ఐదు మీటర్లు.
టేపు పట్టి నేనే కొలిచాను:
రెండు మలుపులు, ఒక నల్లా గుంత, ఎవరిదో ఆరేసిన బొంత.

"రెండున్నర వైరు సాలదా చెల్లె?
పక్కింటోళ్ల బోరుకు గదే ఏసిండ్రు."

సిమెంటు సంచి చింపి
లోపలి కాగితం దులిపి
పెన్సిలు నాలుకకు తగిలించి మొదలుపెట్టాను.

గ్రైండర్లు రెండు. ఒక్కోటి రెండు హార్స్‌పవర్.
రేకు మీద రాసింది రాయి తిప్పే బలం;
తీగలోంచి తాగేది అంతకంటే ఎక్కువే.
రెండింటికీ మూడు వేల ఏడు వందల వాట్లు.
ఫ్రిజ్జుకు ఆరు వందలు,
ప్యాకెట్లు అతికే మిషనుకు మూడు వందలు,
ఫ్యాను, లైట్లు, పటం ముందు ఎర్ర బల్బు
అన్నీ కలిపి రెండు వందలు.
కింద గీత. నాలుగు వేల ఎనిమిది వందలు.
రెండు వందల ముప్పైతో భాగించు,
పవర్ ఫ్యాక్టర్ సున్నా పాయింట్ ఎనిమిదితో ఇంకోసారి.
ఇరవై ఆరు ఆంపియర్లు.

పట్టికలో నాలుగు స్క్వేర్ తీగ ముప్పై రెండు మోస్తుంది.
ఆ పట్టిక రాసిన గదిలో ముప్పై డిగ్రీలే.
ఇక్కడ రేకుల కప్పు, మే నెల, పైపులో ఊపిరాడని తీగ.
ముప్పై రెండు కాస్తా ఇరవై ఐదు.
ఒక్క ఆంపియరు తక్కువ.
ఒక్కటే గదా అంటారు అందరూ.

ట్రూప్ బజార్లో నాకు పని నేర్పిన జబ్బార్ సాబ్ అనడు.
ఎవరో "ఒక్కటే గదా" అన్న ప్రింటింగ్ ప్రెస్సులో
గోడలోంచి కాలుతున్న తీగను లాగాడు ఓ రాత్రి.
ఆయన బొటనవేలిని రేషన్ మిషను గుర్తుపట్టదు.
నెలనెలా లైన్లో నిలబడి
ఒక్కో వేలూ చూపించుకుంటూ పోతాడు.

దూరం లెక్క మిగిలింది.
నాలుగైతే పదమూడు వోల్టులు దారిలోనే ఆవిరి.
తెల్లారి నాలుగింటికి నిండు పిండితో రాయి లేవాలంటే
మోటారు మూలుగుతుంది, లైట్లు బిక్కమొహం వేస్తాయి.
ఆరైతే ఎనిమిదిన్నర. ఓర్చుకోవచ్చు.
ఆరు అని రాసి చుట్టూ సున్నా చుట్టాను.

సాబ్ ఇంకోటి కూడా నేర్పాడు:
"సగమే చెప్తరు బేటీ.
కాగితం కింద ఒక లైను ఖాలీ ఉంచు."

ఆ లైను మీద పెన్సిలు ఆనించి
"ఇంకేమన్న ఉన్నదా అక్కా?" అన్నాను.
"ఏముంటది? గంతే."
కాగితం మడవలేదు నేను.
పిండి చేతులు కొంగుకు తుడుచుకుని
మూలన బియ్యం బస్తా కేసి చూసింది ఆమె.
"దసరాకు చిట్టి ఎత్తుత. మూడోది తెస్త.
ఇంట్ల ఇంకా ఎవలకూ చెప్పలే."

తల ఎత్తకుండా రాసుకున్నాను.
ముప్పై ఆరు ఆంపియర్లు.
ఆరు కొట్టేశాను. పది.

కరెంటు పోవాలి, తిరిగి రావాలి: తొంభై మీటర్లు.
ఆరుకూ పదికీ తేడా
ఆమె తన లెక్కలో చెప్పింది,
"నూట ముప్పై ప్యాకెట్ల పిండి."
కాసేపు ఊరుకుంది.
"సరే ఎయ్యి. మా ఆయన అడిగితే
గల్లీ పొడుగని చెప్పు."

మొన్న మే ఎండలో అటు పోయాను.
రెండు రాళ్లూ తిరుగుతున్నాయి, నురగ అంచుల దాకా.
పైపు మీద చేతి వెనకవైపు ఆనించాను.
సాబ్ అలాగే చూస్తాడు, అరచేత్తో ఎప్పుడూ కాదు.
చల్లగా ఉంది.

మూలన బియ్యం బస్తా
జానెడు పక్కకు జరిగింది.
నేల మీద సుద్దముక్కతో ఒక చదరం,
నాలుగు బోల్టులకు నాలుగు చుక్కలు.