ఒక్క చుక్క

మూడు వారాలుగా మూలుగుతోంది.
మొదట్లో దోమ,
తర్వాత తుమ్మెద,
పోయిన మంగళవారం నుంచి
పప్పు వేయకుండా తిప్పిన మిక్సీ.

కోటవీధిలో నా కొట్టు.
రెండు కుర్చీలు పడతాయి, మూడోది రోడ్డు మీదే.
పెన్షను కాగితాలు, బోటు లైసెన్సులు,
రేషను కార్డులో తప్పు పడ్డ ఇంటిపేర్లు
అన్నీ ఈ బుల్లి కంప్యూటరు లోంచే పోవాలి.
చూస్తే టిఫిను డబ్బా అంత,
గోల మాత్రం రేవులో క్రేనంత.
"వయసెంత?" అని నేను అరవాలి,
"అరవై రెండు!" అని వాళ్ళు అరవాలి,
వీధి వీధంతా వినాలి.

"లోపలేటైనా సొరబడిందేటమ్మా?"
గంప గుమ్మంలో దించుతూ నూకరత్నం.
ఎలక కాదు, ఫ్యానన్నాను.
"దానికీ ఉక్కపోతేనా!"
నవ్వి నవ్వి దగ్గింది.
నిజమే, మే నెలలో ఈ ఊళ్ళో
ఎవరికి పోయదు?

డాబాగార్డెన్స్‌లో కుర్రాడు
పెట్టె మొహమైనా చూడలేదు.
"ఈ మోడల్‌కి ఫ్యాన్ రాదు మేడం, కొత్తది తీసుకోండి."
కొత్తదంటే నాకు నాలుగు నెలల అద్దె.

ఆదివారం షట్టరు సగం దించి
ప్లగ్గు పీకి
నాలుగు స్క్రూలు విప్పి సీసా మూతలో వేశాను.
మూత రాలేదు.
ఐదోది స్టిక్కరు కింద నక్కి ఉంది.
తెరిస్తే
అయ్యో నా తల్లీ,
ఊరంతా ఇక్కడే కాపురం.
రేవులోంచి ఎగిరొచ్చిన బొగ్గు పొడి,
దాని మీద ఎర్రగా ఇనుపరాయి ధూళి,
మేడ మీద ఆరేసిన తెల్లచీరకి రోజూ పట్టేదే,
సముద్రం పంపిన ఉప్పుచెమ్మ,
ఒక పొడుగాటి వెంట్రుక (నాదే),
అంతా కలిసి రెక్కల సందుల్లో
చిన్న చాప అల్లేశాయి.

పాత టూత్‌బ్రష్షుతో ఊడ్చి
వేలితో తిప్పాను.
మోకాలు పట్టేసినవాడు మెట్ల దగ్గర ఆగినట్టు
సగం తిరిగి ఆగింది.

పక్క కొట్టు టైలరు గౌరునాయుడు గారు
మిషను తొక్కడం ఆపి వచ్చారు.
నలభై ఏళ్ళుగా చక్రం మాట వింటున్న మనిషి.
ఫ్యాను చెవి దగ్గర పెట్టుకుని, తిప్పి,
కళ్ళు మూసుకుని అన్నారు,
"దుమ్మొక్కటే కాదమ్మా. దాహం."

నడిమధ్య స్టిక్కరు గోటితో లేపితే
కందిగింజ పట్టేంత గుంట.
నూనె డబ్బా ముక్కు వంచారు.
ఒక్క చుక్క.
ఇంకోటి వెయ్యండి అంటే
"ఒద్దొద్దు, జాకెట్టుకి మరకైపోద్ది."
జాకెట్టేదీ లేదని
ఇద్దరికీ తట్టలేదు.

స్టిక్కరు మళ్ళీ అంటనంది.
పర్సులో అట్ట తీసి
మెరూన్ రంగు బొట్టుబిళ్ళ అంటించాను.

స్విచ్చి వేశాను.
ఏమీ వినపడలేదు.
కాసేపటికి
ఎక్కడో ఓడ కూత,
గూడ్సు బండి పెట్టెలు ఒకదాన్నొకటి తోసుకోవడం,
గౌరునాయుడు గారి ఆయాసం.
ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎక్కడున్నాయి?

సోమవారం వచ్చినవాళ్ళంతా ఒకటే ప్రశ్న:
"కరెంటు లేదా?"
నూకరత్నమైతే ఏకంగా
"పోనాదేటి, పాపం?" అంది.
చెయ్యి పట్టుకుని పెట్టె వెనక పెట్టాను.
వెచ్చటి గాలి,
మిషను నూనె వాసన.
"బతికే ఉన్నాది" అంది.

దరఖాస్తు పైకి చదివాను,
భర్త చనిపోయిన తేదీ దాకా.
మొన్న ఆ గోలలో అరిచి చెప్పిన తేదీ.
ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.
"ఆ తారీకు కాదమ్మా.
అది బోటు తిరిగొచ్చిన రోజు.
ఆడు నీళ్ళలో పడింది ముందు రాత్రి."
అంత చిన్న గొంతు ఆమెకుందని
నాకు తెలీదు.

రెండంకెలు చెరిపాను.
రెండంకెలు కొట్టాను.
మధ్యలో బొట్టుబిళ్ళ తిరుగుతూనే ఉంది.

ఐదో స్క్రూ బిగించడం మర్చిపోయాను.
ఇప్పటికీ సీసా మూతలోనే ఉంది.