పడమటి కిటికీ

నుకుస్ బజారులో మా టైపింగు కొట్టుకి
ఒక్కటే కిటికీ, అదీ పడమటికే.
రెండు దాటితే చాలు
పిలవకుండానే వచ్చి కూచుంటుంది ఎండ
కంప్యూటరు ఒళ్లో.

అర్జీ రాయించుకోవడానికొచ్చిన ముసలాయన
నా భుజం మీంచి తొంగిచూసి
"నా పేరేదమ్మా?" అంటాడు.
తెర మీద ఆయన గడ్డమే కనిపిస్తోంది.

మానిటరుకి ఒక చెంప పసుపెక్కింది,
ఎండవైపే పండిన కర్బూజాలా.
కీబోర్డు మీద వెలిసిపోయిన అక్షరాల్ని
వేళ్లే గుర్తుపెట్టుకున్నాయి.

జూలైలో ఒక మధ్యాహ్నం
ఫ్యాను గుర్రుమని గుర్రుమని
పెట్టె మూగబోయింది.
ఎవరిదో పింఛను సగం వాక్యంలో ఆగింది.

జోల్దస్‌బాయ్ వచ్చి మూత విప్పాడు.
గుప్పెడు దుమ్ము, అందులో తెల్లగా ఉప్పు.
"సముద్రం ఎండింది చాలదా,
దీన్నీ ఎండబెడుతున్నావా?" అన్నాడు.

ఆ సాయంత్రమే అత్తగారి బొంత తెచ్చి
కిటికీకి మేకులు కొట్టాను.
చల్లన. చీకటి. ప్రతి అక్షరమూ తేట.
వారం పాటు ఈగ కూడా వాలలేదు:
కొట్టు మూసేశాననుకున్నారు.

ఇక కత్తెర పట్టక తప్పలేదు.
బొంతలో దానిమ్మ పువ్వు ఉన్నచోట
ఇప్పుడు అరచేయంత కంత.

ఎండ బిళ్లంతై గోడ మీద నడుస్తుంది.
కేలండరు దాటితే మూడు,
టీ కెటిల్ తాకితే నాలుగున్నర.
బల్ల అంచెక్కగానే నేను లేచి
పెట్టెను జానెడు జరుపుతాను.

అత్తగారు ఇంకా చూళ్లేదు.
అడిగితే ఎలక అంటాను.
ఇంత గుండ్రంగా కొరికే ఎలకా, అంటే
అప్పుడు చూద్దాం.