పెంకు జరిపితే

రాయగడలో కొత్త బ్యాంకు భవనం.
ఆకుపచ్చ ముద్ర కావాలి దానికి.
పద్నాలుగు రోజులు రాత్రీ పగలూ ఫ్యాన్లు తిప్పి
రంగు వాసన, జిగురు వాసన, కొత్త బల్లల ఘాటు
కడిగెయ్యాలి
నీళ్ళతో కాదు, గాలితో.

మీటరు పట్టుకుని గదిగదికీ తిరిగాను.
మనిషికి ఇంత గాలి, చదరపు అడుక్కి ఇంత,
అద్దాలన్నీ బిగించేసి
డాబా మీంచి గొట్టంతో తెచ్చి పొయ్యాలి.

సాయంత్రం గాలి మళ్ళింది.
కాగితం మిల్లు కంపు, ఉడికిన క్యాబేజీలా,
నేరుగా మా గొట్టంలోకి.
పండా బాబు ముక్కు మూసుకునే
"తాజా గాలి" గడిలో టిక్కు పెట్టాడు.
తాజా అన్న మాట ఫారంలో అచ్చయ్యే ఉంది మరి.

గచ్చు తుడిచే సుంబారి అడిగింది:
"ఏటమ్మా అది, గాలిని తూస్తాదా?
మా ఇంటికోపాలి తేరాదా?"

ఆదివారం తీసుకెళ్ళాను.
తడి కట్టెలు, చోళ్ళంబలి, కళ్ళ నిండా నీళ్ళు.
మీటరు ఎర్రబడి ఎర్రబడి
ఒక అంకె దగ్గర ఆగిపోయింది
దానికొచ్చిన లెక్క అంతవరకే.
"గెల్చీసేనా?" అని నవ్వింది సుంబారి.

తర్వాత గెడకర్రతో
రెండు పెంకులు పక్కకి నెట్టింది.
పొగ ఆ వెలుగు పట్టుకుని పైకి పాకింది.
అంకెలు దిగడం మొదలైంది.
"వానొస్తేనో?"
"మూసెత్తాను."

సోమవారం, చల్లటి గదిలో, ఆఖరి పేజీ:
"ఇతర పరిశీలనలు", కింద నాలుగు ఖాళీ గీతలు.
పెన్ను మూత తీసి కూర్చున్నాను.
పక్కనున్న మీటరు
నా చున్నీలో మిగిలిన పొగ పసిగట్టి
ఒక్క అంకె పెరిగింది.